స్వభావం అడుగుల్లో తెలుస్తుందా?

పాట వినపడితే చాలు, కొందరు లేచి ఆడేస్తారు. కొందరు ఎంత బతిమాలినా కుర్చీలోంచి కదలరు. ఆడేవాళ్లలోనూ ఒకరిది గాల్లో తేలినట్టుంటే, మరొకరిది కర్ర బిగించినట్టుంటుంది. మన స్వభావానికీ, ఒంటి కదలికకూ నిజంగా సంబంధం ఉందా? ఉంటే దాన్ని వైద్యానికి వాడుకోవచ్చా? డాన్స్ థెరపీ చెబుతున్నది ఇదే. అయితే ‘ఆయన స్వభావమే అంత’ అని వదిలేయడంలో ఒక ప్రమాదమూ పొంచి ఉంది.

కిందటి మాఘమాసంలో మా అన్నయ్య కూతురి పెళ్లయింది. ఇప్పుడు పెళ్లంటే సంగీత్ తప్పదు కదా. పదిహేను రోజుల ముందే ఒక కొరియోగ్రాఫర్ కుర్రాడు వచ్చి ఇంటిల్లిపాదికీ స్టెప్పులు నేర్పాడు. పాట ఒకటే, స్టెప్పులూ ఒకటే. తీరా స్టేజీ ఎక్కాక చూస్తే ఎవరి డాన్సు వాళ్లదే! మా బావగారు స్టేజీ మొత్తం తనదే అన్నట్టు ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగేశారు. బ్యాంకులో పనిచేసే మా వదిన పెదవులతో లెక్కపెట్టుకుంటూ ఒక్క స్టెప్పూ తప్పకుండా వేసింది. కానీ ఒక్కసారీ నవ్వలేదు. పదిహేనేళ్ల మా మేనల్లుడు వెనక వరుసలో భుజాలు పైకి బిగించి, మోచేతులు పక్కలకు అంటించుకుని, ఎవరైనా చూస్తున్నారేమోనని బిత్తరచూపులు చూస్తూ నాలుగు స్టెప్పులు వేసి దిగిపోయాడు. మా పెద్దత్తయ్య అసలు స్టేజీ ఎక్కనేలేదు. ‘‘ఈ వయసులో నాకెందుకర్రా ఇవన్నీ’’ అని మొదటి వరుసలోనే కూర్చుండిపోయింది. కానీ చీర కుచ్చిళ్ల కింద ఆవిడ కాలి బొటనవేలు మాత్రం పాట అయ్యేదాకా తాళం వేస్తూనే ఉంది.

నా పక్కన కూర్చున్న పెద్దాయన ‘‘మనిషి ఎలాంటివాడో డాన్సు చేస్తే తెలిసిపోతుంది, కదా డాక్టర్ గారూ’’ అన్నారు. నేను నవ్వి ఊరుకున్నానుగానీ, ఓపీలో కూర్చునే నాకిది కొత్త ప్రశ్నేం కాదు. పేరు పిలిచాక రోగి తలుపు దగ్గర్నుంచి నా బల్ల దాకా వేసే పది పన్నెండు అడుగులే నాకు చాలా సంగతులు చెబుతాయి. కాకపోతే అవి చెప్పేదాంట్లో ఎంత స్వభావమో, ఎంత జబ్బో విడదీసుకోవటమే కష్టం. ఆ కష్టం నాకు ఒకసారి బాగానే తెలిసొచ్చింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఫిన్లాండ్‌లో ఏం చూశారు?

మనుషుల స్వభావాన్ని పరిశోధకులు సాధారణంగా ఐదు గుణాలతో కొలుస్తారు. నలుగురిలో కలిసే చొరవ, చిన్నదానికీ కలవరపడే తత్వం, కొత్తదనాన్ని ఇష్టపడటం, ఎదుటివారితో సర్దుకుపోయే మెత్తదనం, బాధ్యతగా క్రమపద్ధతిలో ఉండటం. ఈ ఐదూ మనందరిలో ఉంటాయి. తేడా అంతా ఎవరిలో ఏది ఎంత పాళ్లలో ఉందనేదే.

ఫిన్లాండ్‌లోని యువాస్క్యులా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ ఐదు గుణాలకూ, డాన్సు తీరుకూ లంకె ఉందేమో చూడాలనుకున్నారు. 952 మందికి స్వభావాన్ని అంచనావేసే ప్రశ్నపత్రం ఇచ్చి, వారిలోంచి ఒక్కో గుణం బాగా ఎక్కువగానో, బాగా తక్కువగానో ఉన్న 60 మందిని ఎంచుకున్నారు. ఒంటికి మెరిసే గుర్తులు అతికించి, చుట్టూ కెమెరాలు పెట్టి, ఆరు రకాల సంగీతంలో 30 పాటల ముక్కలు వినిపించారు. ఎలా కదలాలో ఎవరూ చెప్పలేదు. ఎవరికి తోచినట్టు వాళ్లు ఆడారు. ఆ ఫలితాలు 2010లో వెలువడ్డాయి.

చొరవ ఎక్కువున్నవారు గదంతా తిరుగుతూ తల, చేతులు బాగా ఊపుతూ హుషారుగా ఆడారు. కలవరపడే తత్వం ఎక్కువున్నవారి చేతులు, పాదాలు ఉలికిపడినట్టు, కుదుపులు కుదుపులుగా కదిలాయి. సర్దుకుపోయే మెత్తదనం ఉన్నవారి కదలిక ఎక్కడా తెగకుండా నున్నగా సాగింది. కొత్తదనాన్ని ఇష్టపడేవారు పెద్దగా అటూ ఇటూ తిరగకుండా, ఉన్నచోటే లయకు తగ్గట్టు పైకీ కిందకీ ఊగారు. బాధ్యతగా ఉండేవారు గదిలో బాగానే తిరిగారు, చేతులు కూడా దూరందూరం చాచారు. వీటన్నింటిలో లంకె స్పష్టంగా కనిపించినవి రెండు: చొరవ, కలవరం.

అదే విశ్వవిద్యాలయంలో తర్వాత మరో ప్రయోగం జరిగింది. 73 మంది 8 రకాల సంగీతానికి ఆడుతుంటే ఆ కదలికలను కంప్యూటర్‌కు ఇచ్చారు. ఏ రకం పాటకు ఆడుతున్నారో పట్టుకోవటంలో కంప్యూటర్ తడబడింది. కానీ ఆడుతున్నది ఎవరో మాత్రం 94 శాతం సార్లు సరిగ్గా చెప్పింది! అంటే పాట మారినా మన కదలికలో మనదైన ముద్ర ఏదో ఉండిపోతుందన్నమాట. చీకట్లో మెట్ల మీద అడుగుల చప్పుడు వినగానే ‘నాన్న వచ్చారు’ అని పిల్లలు చెప్పేస్తారే, అలాంటిదే ఇదీ.

అలాగని ముద్ర వేసేయొద్దు

ఇక్కడే ఒక జాగ్రత్త అవసరం. ఫిన్లాండ్ ప్రయోగంలో తేలినవి సగటు లెక్కలు. పైగా ఏదో ఒక గుణం బాగా ఎక్కువో తక్కువో ఉన్నవారినే ఎంచి మరీ చూశారు. మనలో చాలామంది మధ్యలో ఎక్కడో ఉంటాం. కాబట్టి మా మేనల్లుడి భుజాలు చూసి ‘వీడు పిరికివాడు’ అనో, మా బావగారి గంతులు చూసి ‘ఈయనకు దేనికీ జంకు లేదు’ అనో తేల్చేయటం సైన్స్ కాదు. బూటు కరిచినా అడుగు మారుతుంది. మోకాలు అరిగినా మారుతుంది. నలుగురూ చూస్తుంటే మారుతుంది. ఆడపిల్ల ఇలాగే నడవాలి, ఇలాగే కూర్చోవాలి అని చిన్నప్పటి నుంచీ చెప్పి పెంచితే జీవితాంతం ఆ కదలిక అలాగే ఉండిపోతుంది. అది పెంపకమేగానీ ఆమె స్వభావం కాదు.

ఒంటి తీరును బట్టి మనిషిని ‘టైపు’లుగా విడగొట్టే ప్రయత్నాలు గతంలోనూ జరిగాయి. జర్మనీకి చెందిన మానసిక వైద్యుడు క్రెచ్‌మర్ 1921లో శరీర నిర్మాణాన్ని బట్టి స్వభావాన్ని చెప్పొచ్చని ఒక పుస్తకమే రాశారు. 1940లలో అమెరికాలో షెల్డన్ మనుషులను లావు, కండ, సన్నం అని మూడు తరగతులు చేసి ఒక్కోదానికీ ఒక్కో స్వభావం అంటగట్టారు. తర్వాతి పరిశోధనల్లో అవి నిలబడలేదు. ఇప్పుడు ఫోన్లలో నాలుగు ప్రశ్నలడిగి ‘మీరు ఫలానా టైపు’ అని తేల్చే పరీక్షలదీ దాదాపు ఇదే కథ. కొన్ని వారాల తర్వాత మళ్లీ రాస్తే అదే మనిషి మరో టైపులోకి వెళ్లిపోవటం మామూలే.

మరి అలాంటప్పుడు స్వభావం, కదలిక అంటూ డాన్స్ థెరపీలో ఎందుకు పట్టించుకుంటారు? ముద్ర వేయటానికి కాదు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలుసుకోవటానికి.

ఇది డాన్స్ క్లాసు కాదు

డాన్స్ క్లాసులో గురువు చేసి చూపిస్తారు, మనం అనుకరిస్తాం. డాన్స్ థెరపీలో దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. రోగి కదలికను థెరపిస్టు అనుకరిస్తారు. ఈ పద్ధతికి దారి వేసినవారిలో ముఖ్యురాలు అమెరికాకు చెందిన నర్తకి మారియన్ ఛేస్. 1942లో వాషింగ్టన్‌లోని సెయింట్ ఎలిజబెత్స్ మానసిక చికిత్సాలయంలో ఆమె పని మొదలుపెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి మనసు చెదిరి తిరిగొచ్చిన సైనికులు, ఏళ్ల తరబడి ఎవరితోనూ మాట్లాడని రోగులు ఆమె ముందున్నారు. వారిని వలయంగా నిలబెట్టి, ఒకరు చెయ్యి ఊపితే తానూ అలాగే ఊపుతూ, ఒకరు పాదం రాస్తే తానూ అలాగే రాస్తూ మాటల్లేకుండానే పలకరించేవారు. 1966లో అమెరికన్ డాన్స్ థెరపీ అసోసియేషన్ ఏర్పడినప్పుడు తొలి అధ్యక్షురాలు ఆమే.

వలయం అనగానే మనకు బతుకమ్మ, కోలాటం గుర్తొస్తాయి. వలయంలో ముందూ వెనకా ఉండదు. ఎవరూ ప్రేక్షకులు కారు. బెరుకున్న మనిషికి ఇదెంతో ధైర్యం. అద్దాల గదిలో వరుసగా నిలబెట్టినప్పుడు రాని చెయ్యి, బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు చప్పట్లకు దానంతటదే లేస్తుంది.

కదలికను గమనించటానికి థెరపిస్టులు ఎక్కువగా ఆధారపడేది రుడాల్ఫ్ లాబన్ (1879-1958) అనే నృత్య పరిశోధకుడు ఇచ్చిన పద్ధతి మీద. ఆయన ప్రతి కదలికలోనూ నాలుగు సంగతులు చూడమన్నారు. ఇవి మన వంటింట్లోనే కనిపిస్తాయి.

బరువు: చపాతీ పిండి పిసికేటప్పుడు చేతిలో బలం దిగుతుంది. అదే చెయ్యి పసిపిల్ల తల నిమిరేటప్పుడు దూదిలా అయిపోతుంది.

సమయం: వేడి గిన్నె తగిలితే చెయ్యి చటుక్కున వెనక్కి వస్తుంది. మరిగిన నెయ్యి వడకట్టేటప్పుడు తొందర అన్నదే ఉండదు.

దిశ: సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు ఒళ్లంతా ఒకే బిందువు మీద ఉంటుంది. తిరునాళ్లలో చుట్టూ చూస్తూ తిరిగేటప్పుడు దేనిమీదా ఉండదు.

ప్రవాహం: నిండుగా ఉన్న కాఫీ కప్పులు ట్రేలో పట్టుకొచ్చేటప్పుడు ఒళ్లు బిగబట్టుకుంటాం. ఉయ్యాల ఊగేటప్పుడు వదిలేస్తాం.

ఆరోగ్యంగా ఉన్న మనిషి పనిని బట్టి వీటన్నింటి మధ్యా సులువుగా తిరుగుతాడు. స్వభావం అనేది మనం ఎక్కువగా ఏ వైపు మొగ్గుతామన్నది. ఇబ్బంది ఎక్కడంటే, ఒకే వైపు ఇరుక్కుపోయినప్పుడు. రోజంతా కాఫీ ట్రే మోస్తున్నట్టే ఒళ్లు బిగబట్టుకుని బతికేవాళ్లను నేను ఓపీలో రోజూ చూస్తాను. మెడనొప్పి, తలనొప్పి, ఛాతీ పట్టేసినట్టుందంటూ వస్తారు. ఈసీజీ బాగానే ఉంటుంది. నిద్ర మాత్రం ఉండదు.

వేలి కొస నుంచి మొదలైంది

యాభై రెండేళ్ల ఆవిడ ఒకరు ఒళ్లునొప్పులు, నీరసం అంటూ మా ఆసుపత్రికి వచ్చారు. భర్త పోయి ఏడాదిన్నర. థైరాయిడ్, షుగర్, హిమోగ్లోబిన్ అన్నీ చూశాం, బాగానే ఉన్నాయి. మానసిక వైద్య విభాగానికి పంపితే కుంగుబాటు అని తేల్చి మందులు మొదలుపెట్టారు. కొన్నాళ్లకు కూతురు తల్లిని బెంగళూరు తీసుకెళ్లి, హుషారు వస్తుందని అపార్ట్‌మెంట్‌లో జరిగే జుంబా క్లాసులో చేర్పించింది. మూడో రోజుకే ఆవిడ మానేశారు. ‘‘అందరూ ఎగురుతుంటే నేనొక్కదాన్నే దుంగలా నిలబడ్డాను డాక్టర్ గారూ. అద్దంలో నన్ను నేను చూసుకోలేకపోయాను’’ అని తర్వాత నాతో చెప్పుకొన్నారు.

కూతురి ఉద్దేశం మంచిదే. కానీ అమ్మ మొదటి నుంచీ నెమ్మదస్తురాలు, నలుగురిలో ముందుకు రాని మనిషి. దానిమీద కుంగుబాటు తోడైంది. కుంగుబాటులో ఉన్నవారి నడకను జర్మనీలో పరిశోధకులు కొలిచి 2009లో ప్రకటించారు. వేగం తక్కువ, చేతుల ఊపు తక్కువ, తల పైకీ కిందకీ ఆడటమూ తక్కువ, నడుం పైభాగం ముందుకు వంగి ఉంటుంది. అలాంటి ఒంటిని ఒక్కసారిగా ఎగిరే పాటలోకి తోస్తే, తనకూ లోకానికీ ఎంత దూరం పెరిగిపోయిందో ఆ మనిషికి మరింత స్పష్టంగా కనిపిస్తుంది తప్ప హుషారు రాదు.

తర్వాత అక్కడి మానసిక వైద్యుల సలహాతో శిక్షణ పొందిన ఒక డాన్స్ థెరపిస్టు దగ్గరకు వెళ్లారు. మొదటి రోజు ఆరు కుర్చీలు వలయంగా వేశారట. అద్దం లేదు. పాట కూడా చిన్నగా ఉంది. ఈవిడ ఏమీ చేయకుండా కూర్చున్నారు. కానీ కుర్చీ చేతి మీద చూపుడు వేలు మెల్లగా ఆడుతోంది. థెరపిస్టు ఆ వేలినే పట్టుకుంది. తానూ కుర్చీ మీద అదే వేగంతో, అంతే మెల్లగా తట్టటం మొదలుపెట్టింది. కాసేపటికి మిగతా అందరూ అదే తట్టారు. ‘‘నేను కొట్టిన తాళానికి అందరూ వచ్చారండీ’’ అని ఆ మాట చెబుతున్నప్పుడు ఆవిడ గొంతు మారింది. రెండో వారం వేలు కాస్తా అరచెయ్యి అయింది. తర్వాత మోచెయ్యి, భుజం కలిశాయి. నాలుగో వారంలో లేచి నిలబడ్డారు. మూడు నెలల తర్వాత నా ఓపీలోకి వచ్చినప్పుడు చేతిసంచీ ఊపుకుంటూ వచ్చారు. మందుల వల్ల తగ్గిందా, థెరపీ వల్లా అని అడిగితే నేను విడదీసి చెప్పలేను. రెండూ నడిచాయి, మందులు ఎక్కడా ఆపలేదు.

ఒక్కో స్వభావానికి ఒక్కో వాకిలి

అనుభవమున్న థెరపిస్టులు చేసేది ఇంచుమించు ఇదే క్రమం. ముందు గమనిస్తారు. తర్వాత రోగి ఉన్నచోటికే వెళ్లి ఆ కదలికలో కలుస్తారు. నమ్మకం కుదిరాక మెల్లగా అలవాటు లేని వైపు ఒక అడుగు వేయిస్తారు.

మౌనంగా, ఒదిగి ఉండేవారితో చిన్న కదలికలు, కూర్చుని చేసేవి, కళ్లు కలపనక్కర్లేనివి ముందు వస్తాయి. చేతులు చాచటం, గది మధ్యలోకి రావటం చాలా తర్వాత.

కలవరం ఎక్కువున్నవారికి ‘రిలాక్స్ అవ్వండి’ అంటే మరింత బిగుసుకుంటారు. వారి కుదుపులను ఆపమనరు. ఆ కుదుపులకే ఒక లయ ఇస్తారు. పాదాలు నేలకు బలంగా ఆనించి తొక్కటం, ఊపిరి వదులుతూ చేతులు విదిలించటం వంటివి చేయిస్తారు. తర్వాతే నెమ్మది.

అన్నీ తప్పు లేకుండా చేయాలనుకునే మా వదినలాంటి వారికి స్టెప్పులు నేర్పితే లెక్కలోనే ఉండిపోతారు. వారికి లెక్కలేని ఆటే మందు. చున్నీ గాల్లోకి విసిరి అది ఎటు పడితే అటు వెళ్లమంటారు.

ఎప్పుడూ హుషారుగా, జోరుగా ఉండేవారికి ఇబ్బందేముంటుంది అనుకుంటాం. వారిలో కొందరికి ఆగటం చేతకాదు. ఆగితే లోపలున్న బాధ తెలుస్తుందేమోనన్న భయంతో పరుగెడుతుంటారు. వారికి నెమ్మదిగా నడవటం, పాట ఆగినప్పుడు శిలలా నిలబడటం, ఎదుటివారి వేగాన్ని అనుసరించటం వంటివి పనికొస్తాయి.

స్వభావాన్ని మార్చేయటం వీటిలో దేని ఉద్దేశమూ కాదు. మౌనంగా ఉండే మనిషిని వాగుడుకాయను చేయరు. చేతిలో ఒకే పనిముట్టు ఉన్నవారికి మరో రెండు ఇస్తారు, అంతే.

కూచిపూడికి తెలిసిన రహస్యం

ఈ లంకె మన పెద్దలకు కొత్తది కాదు. ఏ పాత్ర ఎలా నడవాలో చెప్పటానికి భరతుడి నాట్యశాస్త్రంలో గతుల గురించి ఒక అధ్యాయమే ఉంది. అభినయ దర్పణంలో హంస, నెమలి, ఏనుగు వంటి నడకలు చెప్పారు. కూచిపూడి సత్యభామ జడ ముందుకు వేసుకుని నడిచి వచ్చిందంటే ఇక మాట అక్కర్లేదు, ఆ అతిశయమంతా నడుములోనూ మెడలోనూ కనిపిస్తుంది. రుక్మిణి అలా నడవదు. అయితే ఆ సత్యభామ ఎవరు? దశాబ్దాల పాటు ఆ పాత్రకు పెట్టింది పేరైన వేదాంతం సత్యనారాయణ శర్మగారు. ఒక పురుషుడి ఒళ్లు సాధనతో సత్యభామ కదలికను తనలోకి తెచ్చుకుంది. అంటే కదలిక విధిరాత కాదు. నేర్చుకోవచ్చు, మార్చుకోవచ్చు.

కదలిక మారితే మనసూ మారుతుందా? 2015లో ప్రకటించిన ఒక ప్రయోగంలో ఆరోగ్యవంతులను నడిచే యంత్రం మీద నడిపిస్తూ, వారికి తెలియకుండానే కొందరిని హుషారు నడక వైపు, కొందరిని దిగులు నడక వైపు మళ్లించారు. మధ్యలో కొన్ని పదాలు వినిపించి తర్వాత గుర్తుచేసుకోమన్నారు. హుషారు నడక నడిచినవారితో పోలిస్తే దిగులు నడక నడిచినవారికి దిగులు మాటలు ఎక్కువగా గుర్తున్నాయి. మనసు నుంచి ఒంటికి వెళ్లే దారిలోనే తిరుగు ప్రయాణం కూడా ఉందన్నమాట.

స్వభావమా? జబ్బా?

ఇప్పుడు మొదట్లో చెప్పిన సంగతికొస్తాను. రిటైరైన లెక్కల మాస్టారు ఒకరు బీపీ మందులకు నెలనెలా నా దగ్గరకు వచ్చేవారు. మొదటి నుంచీ నిదానం, మాట తక్కువ. ఒకసారి ఆయన భార్య ‘‘రిటైరయ్యాక మరీ ముభావంగా తయారయ్యారండీ. నవ్వరు. గొంతు పెంచి మాట్లాడరు’’ అన్నారు. ‘‘ఉద్యోగం మానేసిన కొత్తలో అంతేనమ్మా, మాస్టారు స్వభావమే నిదానం కదా’’ అని బి-కాంప్లెక్స్ మాత్రలు రాసి పంపాను.

ఏడెనిమిది నెలల తర్వాత ఆవిడే మనవడి పుట్టినరోజు వీడియో చూపించారు. పిల్లలు తాతయ్యను లాగి డాన్స్ చేయిస్తున్నారు. మాస్టారు నవ్వలేకపోతున్నారుగానీ కాళ్లు కదుపుతున్నారు. ఎడమచెయ్యి లయకు ఊగుతోంది. కుడిచెయ్యి మాత్రం మోచేతి దగ్గర మడిచి పొట్టకు ఆనుకుని ఉంది. పాట మొత్తంలో ఒక్కసారీ కదల్లేదు. నా గుండె జారింది. పాత వీడియో ఏదైనా ఉందా అని అడిగాను. రెండేళ్ల కిందటి పెళ్లి ఊరేగింపులో ఆయన రెండు చేతులూ చక్కగా ఊపుకుంటూ నడుస్తున్నారు.

స్వభావం ఒక చేతికి ఉండి మరో చేతికి లేకుండా పోదు. నరాల నిపుణుల దగ్గరకు పంపాను. పార్కిన్సన్స్ అని తేలింది. మనం వణుకుడు జబ్బు అంటాంగానీ, కొందరికి మొదట వణుకే ఉండదు. నెమ్మదితనం, ఒక చేతి ఊపు తగ్గటం, ముఖంలో భావాలు తగ్గటం, గొంతు చిన్నబోవటం, రాత సన్నబడటంతోనే మొదలవుతుంది. మందులు వేసుకున్నాక మాస్టారు చాలావరకు తేరుకున్నారు. కానీ ఆ ఏడెనిమిది నెలలు ‘స్వభావం’ అన్న మాటకు బలయ్యాయి. ఆ మాట అన్నది ఇంట్లోవాళ్లు కాదు, నేనే.

అందుకే చెబుతున్నా. ఎలా కదులుతున్నారన్నదానికంటే, మునుపటికీ ఇప్పటికీ ఏం మారిందన్నది ముఖ్యం. స్వభావం చిన్నప్పటి నుంచీ ఉంటుంది. జబ్బుకు ఒక మొదలు ఉంటుంది. కింది మార్పులు కనిపిస్తే డాక్టర్‌కు చూపించండి.

• ఒకవైపు చెయ్యి ఊపు తగ్గటం, కాలు ఈడ్చటం, చొక్కా గుండీలు పెట్టుకోవటానికి ఎక్కువ సేపు పట్టటం.

• రెండు వారాలకు మించి ఒళ్లంతా మందగించటం, దేనిమీదా ఆసక్తి లేకపోవటం. ఇది కుంగుబాటు కావచ్చు, థైరాయిడ్ తగ్గటం కూడా కావచ్చు.

• నెమ్మదిగా ఉండే మనిషి ఉన్నట్టుండి నిద్ర లేకుండా అతిగా హుషారుగా, విపరీతంగా ఖర్చు చేస్తూ తిరగటం. లేదా కాలుచెయ్యి నిలవకపోవటం, గుండెదడ, బరువు తగ్గటం. మొదటిది మానసిక సమస్య, రెండోది థైరాయిడ్ ఎక్కువవటం కావచ్చు.

• మర్యాదస్తుడైన మనిషి పెద్ద వయసులో నలుగురిలో సిగ్గుపడాల్సిన పనులు చేయటం. మెదడు ముందు భాగం దెబ్బతినే మతిమరుపు జబ్బుల్లో ఇలా ఉంటుంది.

• కొత్త మందు మొదలుపెట్టాక నెమ్మదించటం, బిగుసుకోవటం. మానసిక సమస్యలకు వాడేవే కాదు, వాంతులకూ, గ్యాస్‌కూ, తలతిరుగుడుకూ వాడే కొన్ని మాత్రలను నెలల తరబడి వేసుకున్నా పార్కిన్సన్స్‌లాంటి లక్షణాలు వస్తాయి. పాత చీటీ చూపించి దుకాణంలో కొనుక్కుంటూ పోయేవారిలో ఇది చూస్తుంటాం.

• ఉన్నట్టుండి మూతి వంకరపోవటం, ఒకవైపు చెయ్యీ కాలూ పడిపోవటం, మాట తడబడటం. ఇది పక్షవాతం. నిమిషం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఎంతవరకు నమ్మొచ్చు?

జర్మనీలో 2007లో ప్రకటించిన చిన్న పరిశోధనలో కుంగుబాటుతో ఆసుపత్రిలో ఉన్న 31 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపు వలయంగా నిలబడి నృత్యం చేసింది. ఒకటి అదే పాట కూర్చుని విన్నది. ఇంకొకటి వ్యాయామ సైకిలు తొక్కింది. నృత్యం చేసినవారిలో దిగులు ఎక్కువగా తగ్గింది. అయితే చూసింది ఒక్క విడత ప్రభావమే. కుంగుబాటుకు డాన్స్ థెరపీ మీద జరిగిన మంచి పరిశోధనలన్నింటినీ 2015లో కొక్రేన్ సంస్థ జల్లెడ పడితే, నిలబడినవి మూడే. వాటిలో ఉన్నవారు మొత్తం 147 మంది. గట్టిగా చెప్పటానికి ఇది చాలదని వారు తేల్చారు. పార్కిన్సన్స్‌లో మాత్రం నడక, ఒంటి నిలకడ మెరుగవటానికి నృత్యం తోడ్పడుతుందని చెప్పే పరిశోధనలు మరికొన్ని ఉన్నాయి. అమెరికాలో టాంగో నృత్యంతో ఇలాంటివి చేశారు. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో మార్క్ మోరిస్ నృత్య బృందం 2001 నుంచి పార్కిన్సన్స్ రోగులకు తరగతులు నడుపుతోంది.

కాబట్టి నా మాట ఇది: డాన్స్ థెరపీ మందులకు తోడుగా పనికొస్తుంది, వాటి బదులు కాదు. స్కిజోఫ్రీనియా, తీవ్రమైన కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు ఉన్నప్పుడు ముందు మానసిక వైద్యులే.

మన దేశంలో ఈ రంగం ఇంకా చిన్నదే. కోల్‌కతా సంవేద్ అనే సంస్థ 2004 నుంచి అక్రమ రవాణా నుంచి బయటపడ్డ అమ్మాయిలతో నృత్యం ద్వారా పనిచేస్తోంది. ముంబయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ వారితో కలిసి డిప్లొమా కోర్సు నడిపింది. శిక్షణ పొందిన థెరపిస్టులు పెద్ద నగరాల్లోనే ఎక్కువగా దొరుకుతారు. వెళ్లే ముందు ఎక్కడ చదివారు, ఎవరి పర్యవేక్షణలో పనిచేశారు, మీ డాక్టర్‌తో మాట్లాడటానికి సిద్ధమేనా అని అడగండి. మొదటి రోజే ‘మీరు ఫలానా టైపు’ అని తేల్చేసేవారికి, మందులు మానేయమనేవారికి దూరంగా ఉండండి.

ఇంట్లో పది నిమిషాలు

జబ్బేమీ లేనివారు, ఒళ్లు బిగుసుకుపోయిందనిపించేవారు ఇంట్లోనే ఇలా చేసుకోవచ్చు. ఇది థెరపీ కాదు, మనల్ని మనం గమనించుకునే అలవాటు.

తలుపు వేసుకుని మీ యవ్వనంలో మీకిష్టమైన పాట పెట్టుకోండి. మొదటి పాటకు కూర్చుని, ఒళ్లు ఎలా కదిలితే అలా కదలనివ్వండి. ఒక్క వేలు ఆడినా చాలు. బలంగా ఉందా, తేలిగ్గానా? తొందరా, నిదానమా? బిగువా, వదులా? గమనించండి. రెండో పాటకు మీకు అలవాటు లేనిది ఒక్కటే, ఒక్క నిమిషం చేసి చూడండి. ఎప్పుడూ తొందరపడేవారు చెయ్యి వీలైనంత మెల్లగా పైకెత్తండి. ఎప్పుడూ ఒదిగి ఉండేవారు రెండు చేతులూ చాచండి. ఇబ్బందిగా అనిపిస్తే మీ అలవాటు కదలికకే తిరిగి వచ్చేయండి.

గుండెజబ్బు, ఎముకల గుల్లబారుడు ఉన్నవారు, ఈమధ్య పడిపోయినవారు డాక్టర్‌ను అడిగాకే మొదలుపెట్టాలి. షుగర్‌తో పాదాలు తిమ్మిరెక్కేవారు చెప్పులు లేకుండా చేయొద్దు. ఇన్సులిన్ తీసుకునేవారు ఖాళీ కడుపుతో చేయొద్దు. తలతిరిగే అలవాటుంటే కుర్చీ దగ్గరే ఉండండి, గిరగిరా తిరగొద్దు.

కుటుంబ సభ్యులకు ఒక మనవి. బెరుకున్న పిల్లవాడిని, దిగులుగా ఉన్న అమ్మను చెయ్యి పట్టి లాగకండి. ఫోన్‌తో వీడియో తీసి గ్రూపులో పెట్టకండి. ‘‘అబ్బో, భలే చేస్తున్నావే’’ అనీ అనకండి. పక్కన కూర్చుని వాళ్లు చేస్తున్నదే మీరూ చేయండి.

సంగీత్ రోజు రాత్రి నేను చేసింది అంతే. లేచి మా పెద్దత్తయ్య పక్కన కూర్చుని, ఆవిడ బొటనవేలి తాళానికి నా పాదం కలిపాను. ఆవిడ కిందకి చూసి, నావైపు చూసి, సిగ్గుపడి కాలు వెనక్కి తీసుకున్నారు. రెండు పాటలయ్యాక చూస్తే పాదం మళ్లీ ముందుకు వచ్చింది. మూడో పాటకు ఒళ్లో ఉన్న చేతులు చప్పట్లు కొడుతున్నాయి. స్టేజీ మాత్రం ఎక్కలేదు. ఎక్కమని నేనూ అనలేదు.